'నేషనల్ లా యూనివర్సిటీ కాకపోతే లా వద్దు' అనే మెసేజ్‌కు ఒక జిల్లా కోర్టు లాయర్ జవాబు

మొన్న ఆదివారం పొద్దున్నే మా వీధి చివర ఉండే తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మా, నీకొక మెసేజ్ పంపాను, చూశావా? పాపకు లాసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. ఇది చదివాక రాత్రంతా నిద్ర పట్టలేదు" అన్నారు. లాసెట్ అంటే మన రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష. పాప అంటే ఆయన చిన్న కూతురు. ఇంటర్ సీఈసీ చదివింది. హైస్కూల్లో ఉన్నప్పటి నుంచీ లాయర్ అవుతానంటోంది.

ఆ మెసేజ్ అప్పటికే నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి నేషనల్ లా యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంటేనే లా చదవాలి, మిగతా కాలేజీల డిగ్రీ చిత్తు కాగితం. లోకల్ కాలేజీలో చేరితే క్లాసులకు వెళ్లక్కర్లేదు, ఇంట్లో కూర్చున్నా పట్టా వస్తుంది. తెలుగు మీడియం పిల్లలకు కోర్టులో చోటు లేదు. ఇంట్లో లాయర్లు లేకపోతే ఈ వృత్తిలో బతకలేరు. జడ్జి కావాలంటే లా అవ్వగానే కోచింగ్‌లో చేరిపోవాలి. చివర్లో "తల్లిదండ్రులారా, ఆలోచించండి, పది మందికి పంపండి" అని.

నేను జిల్లా కోర్టులో పద్దెనిమిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మా నాన్న కౌలు రైతు. నేను చదివింది ఊరికి దగ్గర్లో దొరికిన లా కాలేజీలో. ఇలాంటి మెసేజ్ ఆ రోజుల్లో మా నాన్న చేతికి వచ్చి ఉంటే నన్ను బీఈడీకి పంపేవారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

"నేషనల్ లా యూనివర్సిటీ కాకపోతే డిగ్రీ చిత్తు కాగితం."

ముందు ఇందులో నిజం ఎంతో చెప్తాను. ముంబై, ఢిల్లీ, బెంగళూరుల్లో పెద్ద కార్పొరేట్ లా ఫర్ములు ఉన్నాయి. కంపెనీల విలీనాలు, కాంట్రాక్టులు వాళ్ల పని. వాళ్లు పిల్లల్ని తీసుకోవడానికి ముఖ్యంగా పేరున్న నేషనల్ లా యూనివర్సిటీల క్యాంపస్‌లకే వెళ్తారు. మీ పిల్లకు ఆ పనే ఇష్టమైతే క్లాట్‌కు గట్టిగా కూర్చోబెట్టండి. ఈ యూనివర్సిటీల్లో మొదటిదైన బెంగళూరు దాంట్లో 1988లో మొదటి బ్యాచ్ మొదలైంది. మన దగ్గర శామీర్‌పేటలో నల్సార్ 1998లో వచ్చింది, విశాఖ పక్కన సబ్బవరంలో దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ 2008లో వచ్చింది. ఇవి మంచి సంస్థలు, నాకు వాటి మీద ఏ కోపమూ లేదు. అయితే ఐదేళ్ల ఫీజు, హాస్టల్ కలిపితే పది లక్షలు దాటుతుంది. ఆ అప్పు తీర్చడానికే ఇష్టం లేని ఉద్యోగంలో ఇరుక్కోవాల్సి వస్తుందేమో ముందే లెక్క వేసుకోవాలి. అదే మన ప్రభుత్వ యూనివర్సిటీ లా కాలేజీల్లో ఫీజు వేలల్లో ఉంటుంది.

ఇక చట్టం ఏమంటోంది? 1961 అడ్వకేట్స్ చట్టం అడిగేది, లాయర్ల వృత్తినీ లా చదువునూ చూసే బార్ కౌన్సిల్ గుర్తించిన లా డిగ్రీ ఉందా లేదా అని. ఏ కాలేజీ అని అడగదు. నల్సార్ నుంచి వచ్చినా, ఉస్మానియా, ఆంధ్రా, కాకతీయ, నాగార్జున ఎక్కడి నుంచి వచ్చినా లాయర్ల పేర్లుండే ఒకే రోల్‌లో పేరు ఎక్కుతుంది. ప్రాక్టీసు కోసం రాయాల్సిన ఆలిండియా బార్ పరీక్ష ఒకటే, వేసుకునే నల్లకోటు ఒకటే. భారత ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ ఎన్.వి. రమణ గారు కృష్ణా జిల్లా పొన్నవరంలో రైతు కుటుంబంలో పుట్టారు. లా చదివింది నాగార్జున యూనివర్సిటీలో. ఆయన 1983లో లాయరుగా ఎన్‌రోల్ అయ్యారు (రోల్‌లో పేరు ఎక్కింది), అప్పటికి నేషనల్ లా యూనివర్సిటీలు లేవు కదా అని మీరనవచ్చు. నిజమే. అందుకే పాత సంగతి వదిలేసి ఇవాళ ఏ జిల్లా బార్ అసోసియేషన్‌కైనా వెళ్లండి. బాగా నడుస్తున్న ఆఫీసులు నాలుగు చూసి, ఆ లాయర్లు ఎక్కడ చదివారో అడగండి. మాస్టారికీ ఇదే చెప్పాను.

మరి కాలేజీని ఎలా ఎంచుకోవాలి? నేనైతే ముందు, మీరు చేరే ఏడాదికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందో లేదో చూస్తాను. ఎప్పుడో ఇచ్చిన పాత కాగితం గోడకు తగిలించి ఉంటే సరిపోదు. తర్వాత ఒక మామూలు రోజున చెప్పకుండా కాలేజీకి వెళ్తాను. క్లాసు నడుస్తోందా, లైబ్రరీలో పిల్లలు ఉన్నారా, పిల్లలు వాదించడం సాధన చేసే మూట్ కోర్టు హాలు తాళం తుప్పు పట్టిందా అన్నది కళ్లారా చూస్తాను. మూడోది, కాలేజీ నుంచి కోర్టుకు ఎంత దూరం. సాయంత్రం బస్సెక్కి ఒక సీనియర్ ఆఫీసుకు వెళ్లగలిగే దూరంలో ఉంటే, పేరు కాస్త తక్కువైనా నేను ఆ కాలేజీకే ఓటేస్తాను. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సా, డిగ్రీ తర్వాత మూడేళ్ల కోర్సా అని కూడా అడుగుతుంటారు. ఎన్‌రోల్‌మెంట్ దగ్గర రెండూ సమానమే. ఇంటర్లోనే మనసు స్థిరపడితే ఐదేళ్లదాంతో ఒక ఏడాది కలిసొస్తుంది, అంతే.

"క్లాసులకు వెళ్లక్కర్లేదు, పట్టా ఎలాగూ వస్తుంది."

ఈ మెసేజ్‌లో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఈ మాట. దీన్ని నమ్మి నష్టపోయినవాళ్లను నా ఎదురుగా చూశాను. బార్ కౌన్సిల్ 2008లో తెచ్చిన లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లో 70 శాతం హాజరు అని రాసి ఉంది. ఎన్‌రోల్‌మెంట్‌కు దూరవిద్య ఎల్ఎల్‌బీ చెల్లదు. ఇంకో మెలిక ఉంది, మనవాళ్లకు అదే ఎక్కువ తగులుతుంది. టెన్త్, ఇంటర్ లేకుండా నేరుగా 'వన్ సిట్టింగ్' డిగ్రీ తెచ్చుకున్నవాళ్లు లా చదవడానికి అర్హులు కారు. నా క్లయింటు తమ్ముడు ఒకతను అలాంటి డిగ్రీతో ఒక కాలేజీలో చేరాడు. ఫీజు కట్టించుకున్నవాళ్లు ఆ మాట చెప్పలేదు. మూడేళ్లూ చదివి, పాసై, ఎన్‌రోల్‌మెంట్ ఫైలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మార్కుల లిస్టులు ఒక్కొక్కటే టేబుల్ మీద పరుస్తూ "ఇంటర్ మెమో ఏదయ్యా?" అని అడిగితే అతని మొహం పాలిపోయింది. ఆ రోజు నేను అతనికి ఏ సాయమూ చేయలేకపోయాను.

హాజరు సంగతి పక్కన పెట్టినా, క్లాసు ఎగ్గొట్టినవాడు పోగొట్టుకునేది ఇంకా ఉంది. అదే రూల్స్ ప్రకారం మూడేళ్ల కోర్సులో 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. సర్టిఫికెట్ సంతకం పెట్టించుకుని ఊరుకునేవాళ్లు ఉన్నారు. ఆ వారాలు నిజంగా కోర్టులో కూర్చున్న పిల్లకు మొదటి రోజే వకాలత్ (క్లయింటు తరఫున వాదించే అధికార పత్రం) ఎలా నింపాలో, కాజ్ లిస్టు (ఆ రోజు కేసుల జాబితా) ఎలా చూడాలో, పాస్ ఓవర్ (కేసును కాసేపాగి పిలవమనడం) ఎప్పుడు అడగాలో తెలుస్తుంది. మిగతావాళ్లకు అవి నేర్చుకోవడానికే ఏడాది పడుతుంది. పైగా 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ చట్టాల చోట భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి. సీనియర్లం మేమే సెక్షన్ల నంబర్లు మళ్లీ నేర్చుకుంటున్నాం. ఇప్పుడు క్లాసులో బుద్ధిగా కూర్చుని చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి సమయం ఉండదు.

"తెలుగు మీడియం పిల్లలకు కోర్టులో చోటు లేదు."

ఇది రాసినవాళ్లు మన కింది కోర్టులో ఒక్క పూట కూర్చుని ఉండరు. మా ఆఫీసులో ఒక జూనియర్ ఉంది. పది దాకా జిల్లా పరిషత్ హైస్కూలు, తెలుగు మీడియం. వచ్చిన కొత్తలో ఇంగ్లీషులో ఒక పేజీ ప్లెయింటు (దావా పత్రం) రాయమంటే చేతులు వణికేవి. ఒకసారి హద్దుల తగాదా దావా వచ్చింది. కాగితాలు ఆమెకిచ్చి చదవమన్నాను. 1987 దస్తావేజులో చెక్కుబందీ (హద్దుల వివరం) దగ్గర "దక్షిణం: పుంత" అని ఉంది, అంటే పొలాల మధ్య బండ్ల దారి. 2006 దస్తావేజులో అదే భూమికి "దక్షిణం: పంట బోదె" అని ఉంది, అంటే పొలానికి నీరు పారే కాలువ. నేను రెండుసార్లు చదివి కూడా దాటేశాను. ఆమె సాయంత్రం వచ్చి, "మేడం, మా ఊళ్లో పుంతకూ బోదెకూ మధ్య కాస్త నేల ఉంటుంది. ఆ నేల ఎటు పోయింది?" అంది. సర్వే చేయిస్తే పదకొండు సెంట్లు తేలింది. దావా మొత్తం ఆ పదకొండు సెంట్ల మీదే. పుంత అంటే ఏమిటో, బోదె అంటే ఏమిటో ఏ లా పుస్తకమూ చెప్పదు.

సాక్షి వాంగ్మూలం సంగతి చూడండి. మన కోర్టుల్లో సాక్షి తెలుగులో చెప్తాడు, చాలాచోట్ల జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో చెప్పి టైపు చేయిస్తారు. ఒక కొట్లాట కేసులో సాక్షి "గట్టు మీద ఆయన ఉన్నట్టు అనిపించింది" అన్నాడు. "గట్టు మీద ఆయన ఉన్నారు" అన్నట్టు ఇంగ్లీషులో రికార్డయింది. మా జూనియర్ లేచి, "సర్, సాక్షి అనిపించింది అన్నాడు సర్" అంది. జడ్జిగారు వెంటనే సరిచేయించారు. తెలుగు చెవికి ఆనకపోతే ఆ తేడా ఎవరు పట్టుకుంటారు?

ఇంగ్లీషు అక్కర్లేదని నేను అనడం లేదు. రాజ్యాంగం 348వ అధికరణ ప్రకారం హైకోర్టు వ్యవహారం ఇంగ్లీషులో నడుస్తుంది, తీర్పులు ఇంగ్లీషులో చదవాలి. తెలంగాణ హైకోర్టు 2023లో ఒక భూమి కేసులో తెలుగులో తీర్పు ఇచ్చింది కానీ, అలాంటివి చాలా అరుదు. కాబట్టి నేర్చుకోవాలి, నేర్చుకోగలరు. మా జూనియర్ రోజూ రాత్రి ఒక పాత ప్లెయింటును చేత్తో తిరగరాసేది. రెండేళ్లకు నా కంటే శుభ్రంగా డ్రాఫ్టు చేస్తోంది. లాసెట్ తెలుగులో రాయొచ్చు, ఆలిండియా బార్ పరీక్ష తెలుగులో రాయొచ్చు. జూనియర్ సివిల్ జడ్జి మెయిన్స్ పరీక్షలో అనువాదానికి మార్కులున్నాయి.

"ఇంట్లో లాయర్లు లేకపోతే బతకలేరు."

లాయరు కొడుక్కి ఆఫీసు, పుస్తకాలు, క్లయింట్లు సిద్ధంగా ఉంటాయి. మనకు ఉండవు. ఇది ఒప్పుకోవాలి. నా మొదటి ఏడాది సీనియర్ నెలకు రెండు వేలు ఇచ్చేవారు, బస్సుకూ భోజనానికీ చాలేది కాదు. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామాల్లో 15,000 ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబర్‌లో సర్క్యులర్ పంపింది. అది సలహా మాత్రమే, చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ అంత ఇవ్వడం లేదు. అందుకే కాలేజీ ఫీజుతో పాటు చదువయ్యాక మూడేళ్ల ఇంటి ఖర్చు కూడా ముందే పక్కన పెట్టుకోండి. పేరున్న కాలేజీకి పది లక్షలు పోసి, తర్వాత ప్రాక్టీసుకు చేతిలో పైసా లేక మానేసినవాళ్లు నాకు తెలుసు. తక్కువ ఖర్చులో చదివి, మిగిలిన డబ్బుతో మూడేళ్లు నిలబడినవాళ్లూ తెలుసు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు వేలకు వేలు గుంజే రోజులు పోయాయి. చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ ఎస్టీలకైతే 125కు మించి తీసుకోకూడదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పింది.

కోర్టు ప్రాక్టీసు ఒక్కటే దారి కూడా కాదు. బ్యాంకుల్లో లా ఆఫీసర్లను తీసుకుంటారు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ల విభాగంలో పోస్టులుంటాయి, న్యాయ సేవాధికార సంస్థల్లో పని ఉంటుంది. వీటికి మీ నాన్న ఎవరని అడగరు.

"లా అవ్వగానే జడ్జి కోచింగ్‌లో చేరాలి."

ఇది పాత సమాచారం. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి లెక్క, జడ్జిల దగ్గర లా క్లర్కుగా పనిచేసిన కాలమూ కలుస్తుంది. పదేళ్ల అనుభవం ఉన్న లాయరు సర్టిఫికెట్ ఇవ్వాలి, దాని మీద న్యాయాధికారి సంతకం ఉండాలి. మీ ఏడాది నోటిఫికేషన్‌లో షరతులు చదివాకే ముందడుగు వేయండి. పిల్లను హైదరాబాద్ హాస్టల్లో పెట్టి ఏడాదికి లక్షలు పోసే ముందు, ఆ మూడేళ్లు ఏ కోర్టులో, ఎవరి దగ్గర పనిచేస్తుందో తేల్చుకోవాలి.

వయసు దాటిపోయిందని ఈ మెసేజ్ కింద కామెంట్ పెట్టినవాళ్లకు ఒక మాట. లెక్కల్లో పీహెచ్‌డీ చేసి కాకతీయలో పాఠాలు చెప్పిన కె. బాలగోపాల్ గారు నలభై దాటాక లాయరై, 2009లో చనిపోయేదాకా హైకోర్టులో పేదల కేసులు వాదించారు. జీతం మీద ఉద్యోగం చేస్తున్నవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. లా చదవొచ్చు కానీ, ఉద్యోగంలో ఉండగా ప్రాక్టీసు చేయడానికి లేదు.

మాస్టారితో ఇదంతా ఫోన్లో చెప్పలేక, "పాపను సోమవారం కోర్టుకు పంపండి మాస్టారూ" అన్నాను. పదింపావుకే వచ్చింది. కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చోబెట్టాను. మధ్యాహ్నం దాకా కదల్లేదు. లంచ్‌కు లేచాక వరండాలో నా వెనకే వస్తూ, "ఆంటీ, ఆ తాత చెప్పిందీ జడ్జిగారు ఇంగ్లీషులో రాయించిందీ ఒకటేనా? మధ్యలో ఒక ముక్క పోయినట్టుంది" అంది.