ఎరువుతో గడ్డి పెరిగింది, మొక్కల రకాలు తగ్గాయి

ఇంగ్లండ్‌లోని హార్పెండెన్‌లో రోథమ్‌స్టెడ్ అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పార్క్ గ్రాస్ అనే పచ్చిక పొలంలో 1856లో మొదలైన ప్రయోగం ఇప్పటికీ సాగుతూనే ఉంది. ఎరువుల వ్యాపారి జాన్ బెన్నెట్ లాస్, రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ కలిసి పొలాన్ని మడులుగా విడదీసి ఒక్కో మడికి ఒక్కో రకం ఎరువు వేశారు, కొన్నిటికి ఏమీ వేయలేదు. ఏ ఎరువుతో ఎండుగడ్డి ఎక్కువొస్తుందో తేల్చడమే వాళ్ల ఉద్దేశం. కానీ రెండు మూడేళ్లకే, మడి మడికీ వేరే విత్తనం చల్లారా అన్నంతగా పొలం మారిపోయింది. నిజానికి కొత్తగా విత్తనమేదీ చల్లలేదు.

ఎరువు వేయని మడుల్లో ఇప్పటికీ 40 రకాల దాకా మొక్కలున్నాయి. ఏళ్ల తరబడి అమ్మోనియం సల్ఫేట్ అనే నత్రజని ఎరువు ఎక్కువగా వేసి, నేల పులుపును తగ్గించే సున్నం వేయకుండా వదిలిన మడుల్లో మిగిలినవి రెండు మూడు రకాలే. గడ్డి దిగుబడి మాత్రం నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ అందిన మడుల్లోనే బాగా ఎక్కువ. దిగుబడి ఒక్కదాన్నే చూసి గడ్డి భూమి బాగోగులు తేల్చడం తప్పని నేననేది ఇందుకే.

సారం తక్కువగా ఉన్న నేలలో ఏ ఒక్క మొక్కా మిగతావాటిని తొక్కేయలేదు. ఒకదానికి నత్రజని చాలదు, ఇంకోదానికి భాస్వరం చాలదు. ఒకటి వేరు లోతుకు దింపుతుంది, మరొకటి పైపొరలోనే వెతుక్కుంటుంది. నత్రజని దండిగా పడితే వేళ్ల దగ్గర జరిగే పోటీ ఆకుల దగ్గరికి మారుతుంది. నేలలో ఉన్నది ఎంతోకొంత అందరికీ దక్కుతుంది. వెలుతురు అలా కాదు, ఎత్తుగా ఎదిగినది పైనుంచే పట్టేసుకుంటుంది, కింద ఉన్న చిన్న మొక్క నీడలో చచ్చిపోతుంది. 2009లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఎరువు వేసిన గడ్డి అడుగున దీపాలు పెట్టి చూశారు. కిందికి వెలుతురు అందిన చోట రకాలు తగ్గలేదు. ఈ విషయంలో నాకు తెలిసినంతలో ఇంత సూటి రుజువు మరొకటి లేదు.

అయితే నీడ ఒక్కటే కారణం కాదు. అమ్మోనియం సల్ఫేట్ నేలను ఆమ్లంగా మారుస్తుంది. పార్క్ గ్రాస్‌లో సున్నం వేయని అలాంటి మడుల్లో పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) 4 కంటే కిందికి పడిపోయింది. వానపాములు ఉండవు, ఎండిన గడ్డి కుళ్లకుండా నేలమీద పరుపులా పేరుకుపోతుంది. అదే నత్రజనిని సోడియం నైట్రేట్ రూపంలో ఇస్తే నేల అలా పులిసిపోలేదు, రకాలూ అంతగా తగ్గలేదు. నత్రజని మానేసి భాస్వరం, పొటాష్ మాత్రం వేసిన మడుల్లోనైతే క్లోవర్ లాంటి పప్పుజాతి మొక్కలు పుంజుకున్నాయి, గాలిలోని నత్రజనిని అవే నేలకు తెచ్చాయి. కాబట్టి ‘ఎరువు’ అని అంతా కలిపి మాట్లాడితే లాభం లేదు. ఏ పోషకం, ఏ రూపంలో, ఎంత అన్నది తేల్చుకోవాలి.

ఎంత అన్నదానికి జవాబు అమెరికాలోని మినెసోటాలో దొరుకుతుంది. అక్కడి సీడర్ క్రీక్ పరిశోధన క్షేత్రంలో పర్యావరణ శాస్త్రవేత్త డేవిడ్ టిల్మన్ బృందం 1982లో నత్రజని ప్రయోగాలు మొదలుపెట్టింది. ఏడాదికి హెక్టారుకు 10 కిలోలు వేసినా మొక్కల రకాలు 17 శాతం తగ్గాయి. ఇంత చిన్న మోతాదు వేసిన చోట నత్రజని వేయడం ఆపేస్తే 13 ఏళ్లలో రకాల సంఖ్య కోలుకుంది. పెద్ద మోతాదులు పడిన చోట మాత్రం ఎరువు ఆపి రెండు దశాబ్దాలైనా పాత స్థితి రాలేదు. ఇంకా ముఖ్యమైనది దిగుబడి సంగతి. నత్రజని వేసిన మొదటి ఏళ్లలో గడ్డి బాగా పెరిగింది, రకాలు పోయేకొద్దీ ఆ లాభమూ కరిగిపోతూ వచ్చింది. అంటే దిగుబడి కోసమే ఆలోచించేవాళ్లకైనా రకాలు కావాలి.

పార్క్ గ్రాస్‌లో కొంత ఊరట కనిపించింది. కాలుష్యం వల్ల గాలి ద్వారా నేలమీద పడే నత్రజని 1990ల నుంచి తగ్గడంతో అక్కడ రకాలు మళ్లీ పెరిగాయి. ఏటా గడ్డి కోసి బయటికి తీసుకెళ్లడం కూడా ఇందుకు తోడ్పడి ఉంటుందని నా అంచనా, ఎందుకంటే కోతతో పాటు పోషకాలూ పొలం దాటి పోతాయి.

ఈ ఫలితాలను మన మెట్ట గడ్డి భూములకు ఉన్నదున్నట్టు అంటించలేం, ఇక్కడ నీటి కొరత కూడా ఉంది. కానీ నంద్యాల జిల్లా రోళ్లపాడు లాంటి చోట్లను చూసే చూపు మారాలి. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యమైన ఆ పచ్చిక, కృష్ణజింకలకు ఇల్లు. మన దేశంలో ఇలా గడ్డి, పొదలతో ఉన్న ఎన్నో భూములను బంజరు జాబితాలో చేర్చి, చెట్లు నాటో ఎరువు వేసో బాగుచేయాలనుకుంటున్నారు. అలాంటి ప్రతి పథకానికీ ముందు అక్కడ ఎన్ని రకాల గడ్డి, ఎన్ని పప్పుజాతి మొక్కలు ఉన్నాయో వానాకాలంలో లెక్క తీయాలి. ఆ లెక్క లేకుండా ఒక్క యూరియా బస్తా కూడా విప్పకూడదు.