అనాసపువ్వు కషాయం తాగితే టామీఫ్లూ వేసుకున్నట్టేనా?

ఫ్లూ జ్వరానికి వాడే టామీఫ్లూ మాత్రను అనాసపువ్వుతోనే చేస్తారు, కాబట్టి అనాసపువ్వు మరిగించి తాగితే మాత్రతో పనిలేదు అంటుంటారు. మొదటి సగం చాలావరకు నిజమే. నా గొడవంతా రెండో సగంతోనే.

అనాసపువ్వులో షికిమిక్ ఆమ్లం ఉంటుంది. 1885లో ఐక్‌మన్ అనే డచ్ రసాయన శాస్త్రవేత్త దీన్ని జపాన్‌వాళ్లు షికిమి అనే చెట్టు నుంచి వేరు చేశాడు, అందుకే ఆ పేరు. ఇది ఫ్లూ మందు కాదు, ముడిసరుకు. ఫ్యాక్టరీలో పదికి అటూ ఇటూగా రసాయన చర్యలు దాటాకే ఒసెల్టామివిర్, అంటే టామీఫ్లూలోని అసలు మందు, అవుతుంది. ఇనుప ఖనిజం జేబులో వేసుకుని కత్తి ఉందనుకుంటే ఎలా? పైగా 2005లో బర్డ్‌ఫ్లూ భయంతో అనాసపువ్వుకి గిరాకీ పెరిగాక, ఇదే ఆమ్లాన్ని బ్యాక్టీరియాతో పులియబెట్టి తీయడం కూడా పుంజుకుంది, అంటే ఇప్పుడు మాత్రకి ఆ చెట్టు ఉండి తీరాలనేం లేదు.

అన్నట్టు, పేరులో పువ్వు ఉంది గానీ అది ఎండిన కాయ.

ఈ చెట్టు కుటుంబం షిజాండ్రేసీ. పూల మొక్కల వంశవృక్షంలో మొదట అంబొరెల్లా అనే మొక్క, తర్వాత కలువలు, ఆ తర్వాత ఈ కుటుంబం ఉన్న కొమ్మ విడిపోయాయని 1999 నాటి డీఎన్ఏ అధ్యయనాలు తేల్చాయి. దీంతో 'ఆదిమ మొక్క, అందుకే అంత శక్తి' అని అమ్ముకునేవాళ్లు తయారవుతారు. ముందుగా విడిపోయిన కొమ్మ అక్కడే ఆగిపోలేదు, మిగతా మొక్కలు మారినంత కాలం అదీ మారుతూనే వచ్చింది.

అసలు ప్రమాదం ఇంట్లోనే ఉంది. షికిమి కూడా అనాసపువ్వు ప్రజాతిలోదే, ఇలీషియం. ఎండిన కాయలు పక్కపక్కన పెడితే తేడా పట్టడం కష్టం, పొడి చేశాక కంటితో అసాధ్యం, ల్యాబ్‌లోనే తేలాలి. కానీ షికిమిలో ఉండే అనిసాటిన్ మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది, ఫిట్స్ వస్తాయి. 2003లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనాసపువ్వు టీ తాగొద్దని హెచ్చరించేనాటికే, ఆ టీ తాగి దాదాపు 40 మంది జబ్బుపడ్డారు, వాళ్లలో 15 మంది దాకా పసిపిల్లలే. కడుపునొప్పి తగ్గుతుందని పట్టించిన టీ అది!

అలాగని ఈ కుటుంబంలో మందే లేదనను. చైనాలో 'ఐదు రుచుల పండు' అని పిలిచే షిజాండ్రా ఉంది. కాలేయ వ్యాధి ఉన్నవాళ్లలో దాని గింజలు, కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్‌ల స్థాయిల్ని తగ్గిస్తున్నాయని గమనించిన చైనా పరిశోధకులు, ఆ దారిలోనే బైఫెండేట్ అనే మందు తయారు చేశారు. రక్తపరీక్షలో ఎంజైమ్ తగ్గడం, కాలేయం బాగుపడటం ఒకటే కాదనే తిరకాసు ఉందనుకోండి.

నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది ఇంకోటి. షిజాండ్రా సారం కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని మందగింపజేస్తుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, ఒళ్లు కొత్త కిడ్నీని తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ అనే మందు దీనివల్ల రక్తంలో పెరుగుతుంది. చైనాలో డాక్టర్లు కావాలనే ఈ సారాన్ని జతచేసి టాక్రోలిమస్ మోతాదు తగ్గిస్తారు, రక్తంలో ఎంత ఉందో కొలుచుకుంటూ. మొక్కదే కదా అని డాక్టరుకి చెప్పకుండా వేసుకున్న మనిషి ఒంట్లోనూ అదే జరుగుతుంది, కాకపోతే కొలిచేవాళ్లుండరు.