చుక్కల దొరసానులకు విన్నపం

మహారాజశ్రీ స్టిపుల్ చిత్రపటం గారికి,

ఉభయకుశలోపరి. రాగి రేకు మీద గీతలతో కాక చుక్కలతో చెక్కి, కాగితం మీద అచ్చు తీసే బొమ్మ తమరు. ఆ రేకుకు మైనం పట్టించి, సూదితో పొడిచి, ఆమ్లం తాగించి, ఆపైన వంపు తిరిగిన ఉలితో మళ్లీ పొడిస్తే గానీ తమరు పుట్టరు. ఇంత పోటు తిన్నా తమరిలోని దొరసానుల ముఖాన చిన్న ముడతైనా ఉండదు. చెంప మీద చుక్కలు పలచగా, గడ్డం కింద కాస్త చిక్కగా, అంతే. మశూచి ప్రభువులనూ పేదలనూ ఒకే కంట చూసిన 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో, ముఖమంతా చుక్కలతోనే చేసి ఒక్క స్ఫోటకపు మచ్చ తగలనివ్వని నేర్పు తమరిది. దిష్టిచుక్కకు కూడా చోటివ్వలేదు!

రంగుల ముద్రల సంగతి మరీ విడ్డూరం. అచ్చు పనివాడు గుడ్డ ముద్దతో చెంపకు గులాబీ, రిబ్బనుకు నీలం రేకు మీదే అద్ది, ఒకే తోపులో అచ్చు తీసేవాడు. డచెస్ గారి బుగ్గన కనిపించే సిగ్గంతా ఆ గుడ్డ పీలికదే.

డెవన్‌షైర్ డచెస్ జార్జియానానే తీసుకోండి. ఆవిడ జూదపు అప్పులు లండన్‌లో తెలియనివారు లేరు. 1784 వెస్ట్‌మిన్‌స్టర్ ఎన్నికల్లో రాజకీయ నాయకుడు ఫాక్స్‌కు ఓట్లడుగుతూ కసాయివాడికి ముద్దిచ్చిందని వ్యంగ్య చిత్రకారులు గీసి గీసి అమ్ముకున్నారు. 1796లో జబ్బు చేసి ఒక కంటి చూపే పోయింది. చెక్కుడు కళాకారుడు బార్తలోజీ గారు చెక్కిన పటంలో మాత్రం ఆవిడకు అప్పూ లేదు, ఆయాసమూ లేదు.

ఎలిజబెత్ ఫారెన్ వైభవం ఇంకో తీరు. పచ్చటి వేసవి పచ్చికలో బొచ్చు అంచు పైవస్త్రం కప్పుకుని, చేతిలో బొచ్చు మఫ్ (చలికి చేతులు దూర్చుకునే తొడుగు) పట్టుకుని నిలబెట్టాడు చిత్రకారుడు లారెన్స్. చెమట పట్టలేదు, పట్టినా తమరు చెక్కరు. ఆ చిత్రం చూసి చెక్కిన పటంలో చాలా మట్టుకు పని చార్లెస్ నైట్‌ది, పేరు బార్తలోజీది. అప్పటికి ఆవిడ రంగస్థల నటి. 1797లో ఎర్ల్‌ను పెళ్లాడి డార్బీ కౌంటెస్ అయింది. పటంలో ఒక్క చుక్క మార్చే పనే పడలేదు. నటినీ కౌంటెస్‌నూ తమరు మొదటినుంచీ ఒకే అచ్చులో పోశారు కదా!

తమరిని ఇంగ్లండ్‌లో నిలబెట్టినవారిలో ముందువాడు విలియం రైలాండ్, మూడవ జార్జ్ రాజుగారి ఆస్థాన చెక్కుడు కళాకారుడు. ఈస్టిండియా కంపెనీ మీద దొంగ హుండీ సృష్టించాడని 1783లో లండన్ ఉరితీతల చోటైన టైబర్న్‌లో ఉరి తీశారు. మన మచిలీపట్నంలో కోఠీ పెట్టిన కంపెనీయే. ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు చెక్కడం దొరసానుల ముఖాల మీదైతే కళ, కంపెనీ సొమ్ము మీదైతే ఉరి!

ఇట్లు,
ముఖాన మొటిమల మచ్చలున్న విధేయుడు

తా.క.: నా పటం చెక్కించే ఉద్దేశముంటే తొలి ముద్రల్లోది పంపండి. రేకు అరిగాక ముందు ఎగిరిపోయేది సన్న చుక్కలేనట. నాకు ముక్కు మిగలాలి.