ఎందుకు చేశారన్న ప్రశ్నకు సగం జవాబే

1975 ఏప్రిల్ 21 ఉదయం కాలిఫోర్నియాలోని కార్‌మైకేల్‌లో మిర్నా ఆప్సాల్ చర్చి చందాల డబ్బు జమ చేయడానికి బ్యాంకుకు వెళ్లారు. ఆమె నలుగురు పిల్లల తల్లి. అదే సమయానికి సింబయనీస్ లిబరేషన్ ఆర్మీ అనే సాయుధ తీవ్రవాద దళం దోపిడీకి దిగింది. షాట్‌గన్ దెబ్బకు ఆమె ప్రాణం పోయింది.

ఆ దళానికి చెందిన మహిళ ఒకరు రెండు దశాబ్దాలకు పైగా మారుపేరుతో బతికి 1999లో మిన్నెసోటాలో దొరికారు. డాక్టరు భార్య అనీ, నాటకాల్లో వేస్తారనీ, ఇరుగుపొరుగుకు సాయం చేసే మనిషనీ పత్రికలు విరివిగా రాశాయి. అవన్నీ నిజాలే కావచ్చు. కానీ మిర్నా హత్య మీద కేసు పెట్టేసరికి 2002 వచ్చింది. అదీ మిర్నా కొడుకు ఏళ్ల తరబడి పట్టు వదలకుండా అడిగినందుకే.

పాతకాలపు సాయుధ తీవ్రవాద దళాల గురించి రాసేటప్పుడు మా పాత్రికేయ వృత్తిలోని వాళ్లం రెండు తేలిక దారులు పడుతున్నాం. ఒకటి, వాళ్లను మతి చెడినవాళ్లుగానో, డబ్బున్న ఇళ్ల పిల్లల తిక్కగానో తీసిపారేయడం. రెండోది, ఆదర్శం కోసం దారి తప్పిన యువతగా వాళ్ల మీద జాలి కురిపించడం. ఈ రెండింటిలోనూ వాళ్లు చెప్పిన కారణాన్ని వాళ్లు చేసిన పనితో పోల్చి చూసే ఓపిక కనబడదు.

వెదర్ అండర్‌గ్రౌండ్‌నే తీసుకోండి. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన అమెరికా తీవ్రవాద దళం అది. 1971 మార్చి 1న ఈ దళం వాషింగ్టన్‌లోని అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్‌లో బాంబు పేల్చింది. వియత్నాం పొరుగుదేశమైన లావోస్ మీద సైనిక దాడికి నిరసనగా చేశామని చెప్పుకుంది. వియత్నాం యుద్ధం ప్రస్తావన లేకుండా ఆ దళం గురించి రాస్తే పాఠకుడికి ఏమీ అర్థం కాదు. అలాగని ముందే ఫోన్ చేసి హెచ్చరించేవారని, తమవాళ్లు తప్ప ఎవరూ చావలేదని రాసి ఊరుకుంటే మరో నిజం దాగిపోతుంది. 1970 మార్చి 6న న్యూయార్క్‌లోని ఓ ఇంట్లో బాంబు తయారుచేస్తూ ముగ్గురు సభ్యులు చనిపోయారు. ఆ బాంబు ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో జరిగే డాన్సు కార్యక్రమం కోసం తయారవుతోందని తర్వాత మాజీ సభ్యులే చెప్పారు. చనిపోయిన వారిలో డయానా ఔటన్ ఒకరు. గ్వాటెమాలా పేదరికం మధ్య పాఠాలు చెప్పిన అమ్మాయి బాంబుల దాకా ఎలా వెళ్లిందో యూపీఐ అనే అమెరికా వార్తాసంస్థ విలేకరులు ఇద్దరు ఓపిగ్గా వెతికి రాశారు. 1971లో వారికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అంటే ఇలాంటి పని చేయడం అసాధ్యమేమీ కాదు.

మాటల ఎంపికలోనే తీర్పు చెప్పేస్తున్నాం. 1970లలో పశ్చిమ జర్మనీలో రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ అనే సాయుధ దళాన్ని బాడర్-మైన్‌హోఫ్ ‘ముఠా’ అంటే ఒక పక్షం, ‘బృందం’ అంటే మరో పక్షం. ‘బృందం’ అని రాసినవారి మీద సానుభూతిపరులన్న ముద్ర పడేది. ఉల్‌రికె మైన్‌హోఫ్ ఆ దళ నాయకుల్లో ఒకరు, ఒకప్పుడు మనలాగే పత్రికలో కాలమ్ రాసిన మనిషి. ఆమె ఎలా మారిందని అడగడం ఆమెను సమర్థించడం కాదు.

పోలీసులు చెప్పిందే వార్త అనుకోవడమూ అంతే ప్రమాదం. 1971 మార్చిలో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కార్యాలయం నుంచి ఎత్తుకొచ్చిన ఫైళ్లు పత్రికలకు చేరాయి. ప్రభుత్వం వద్దన్నా వాషింగ్టన్ పోస్ట్ వాటి ఆధారంగా వార్త వేసింది. నిరసన ఉద్యమాల మీద నిఘా ఎలా సాగుతోందో జనానికి అప్పుడే తెలిసింది. ఆ రోజు ఆ పత్రిక చేసింది సరైన పనే.

ఇక దళాలు చెప్పుకున్న కారణాలనూ అదే పట్టుదలతో పరీక్షించాలి. నల్లజాతి ప్రజల విముక్తి కోసమన్న సింబయనీస్ దళం 1973 నవంబర్ 6న మొట్టమొదట చంపింది ఎవరిని? ఓక్లాండ్ పాఠశాలలకు తొలి నల్లజాతి సూపరింటెండెంట్ అయిన మార్కస్ ఫాస్టర్‌ను. విద్యార్థులకు గుర్తింపు కార్డుల పథకాన్ని సాకుగా చూపి, సైనైడ్ నింపిన తూటాలతో కాల్చారు. మూడు నెలలకే ప్యాటీ హర్స్ట్ కిడ్నాప్ జరిగింది. ఆమె ఓ పత్రికాధిపతి కూతురు. ఇక వార్తలన్నీ ఆమె మనసు మారిందా, మార్చారా అన్న చర్చ చుట్టూనే తిరిగాయి. ఫాస్టర్ పేరు ఎక్కడో అడుగున పడిపోయింది.

2024 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో డానియెలా క్లెట్టే అరెస్టయినప్పుడు కూడా ఆమె కుక్క, ఆమె నేర్చుకున్న డాన్సు వార్తల్లోకి ఎక్కాయి. ఆమె పనిచేసిందంటున్న రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ 1998లో తనను తాను రద్దు చేసుకుంటూ రాసిన లేఖలో చనిపోయిన తమవాళ్ల పేర్లు వరుసగా ఇచ్చింది. ఆ దళం చేతిలో చనిపోయిన ముప్ఫై మందికి పైగా మనుషుల పేర్లు అందులో లేవు. క్లెట్టే ఫొటో వేసిన రోజున ఆ పేర్లు కూడా పక్కన వేయడానికి పత్రికలకు అడ్డేమీ లేదు.