కొంచెమే పోసిన

మా ఇంట్లో తలనొప్పి వచ్చినా, పాపకు మార్కులు తగ్గినా, ఎవరైనా ఊరికే మొహం వేలాడేసుకుని కూర్చున్నా ముందు వచ్చే ప్రశ్న ఒక్కటే. "నీళ్లు తాగినవా?" నల్లగొండలో ఇది వింతేమీ కాదు. బోరు నీళ్లలో ఫ్లోరైడు, ఎండాకాలం ట్యాంకర్ చుట్టూ బిందెల కొట్లాట, అన్నీ చూసిన తరం మా అమ్మానాయినలది. పానగల్లు ఉదయసముద్రం చెరువులోకి కృష్ణా నీళ్లు వచ్చాయంటే నాయిన మమ్మల్ని బండెక్కించుకుని పోయి మరీ చూపించాడు. అలాంటి ఇంట్లోకి ఎక్కువ నీళ్లు పోస్తే చచ్చిపోయే మొక్క ఒకటి వచ్చిపడింది.

మా ఆవిడకు ప్రమోషన్ వస్తే తోటి ఉద్యోగులు హైదరాబాద్ నుంచి తెప్పించి ఇచ్చిన ఆర్కిడ్ అది. ఫెలనాప్సిస్ అనే రకంలో హైబ్రిడ్. వంగిన కాడకు వరుసగా ఊదారంగు పూలు. ప్లాస్టిక్‌వేమోనని మా పాప ఒక రేకును గిల్లి చూసి తిట్లు తిన్నది. లోపల అన్నీ కనిపించే ప్లాస్టిక్ కుండీ, దాన్ని దించి పెట్టడానికి బయట తెల్లటి పింగాణీ కుండీ. ఆ పింగాణీదానికి అడుగున చిల్లు లేదు. అసలు కొంప ముంచింది అదే.

"గిండ్ల మట్టేదిరా?" అన్నాడు నాయిన. నిజంగానే మట్టి లేదు. చెట్టు బెరడు ముక్కలు, నాలుగు బొగ్గులు, అంతే. "పైసలు తీస్కొని బొగ్గులు పోసిచ్చిండ్రు" అని అమ్మ తేల్చేసింది.

మా ఆవిడ అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పింది. దీని తాత ముత్తాతలు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా అడవుల్లో చెట్ల కొమ్మల మీద బతుకుతాయట. వాన పడితే వేళ్లు తడుస్తాయి, గాలికి ఆరిపోతాయి, మళ్లీ వాన కోసం చూస్తాయి. వేరు మీద స్పాంజిలాంటి పొర ఉంటుంది. తడిగా ఉంటే పచ్చగా, ఆరితే వెండి రంగులో కనిపిస్తుంది. వెండి రంగు వచ్చాకే నీళ్లు పోయాలి, అంటే ఈ వానాకాలంలో వారానికోసారి చాలు. ఆకుల మధ్య మొవ్వులో చుక్క నిలవకూడదు, నిలిస్తే కుళ్లుతుంది. ఇంత చెప్పి "నీళ్లు పోయకండి" అని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి కుండీకి అతికించింది.

అప్పుడే కనగల్ వైపు బత్తాయి తోట ఉన్న మా మేనమామ దిగాడు. "చెట్టు మీద పెరుగుతదంటే బదనికే గద! పాలు పీల్చి సంపుతది" అన్నాడు. బదనిక కాదు, ఇది కొమ్మ మీద ఊరికే కూర్చుంటుంది తప్ప చెట్టును పీల్చుకుతినదు అని మా ఆవిడ చెప్పింది. హైబ్రిడ్ అనే మాట వినగానే ఆయన మొహం వెలిగింది. హైబ్రిడ్ పత్తి పెట్టి చేయి కాల్చుకున్న రైతు ఆయన. "హైబ్రిడ్ అంటే నీళ్లు, మందు రెండూ ఎక్కువ తింటది. నన్నడుగు." ఇంగ్లండులో మనుషులు చేసిన మొట్టమొదటి ఆర్కిడ్ హైబ్రిడ్ 1856లోనే పూసిందని నేను నోరు జారాను. "అప్పట్నుంచి పోస్తనే ఉన్నరన్నట్టు" అన్నాడు.

"మరి బత్తాయికి పూత రావాలని మీరే నీళ్లు బంద్ చేసి చెట్లను వాడబెడతరు గద మామా?" అని మా ఆవిడ అడిగింది. పాయింటే. మామ ఒక్క క్షణం ఆలోచించాడు. "అది తోట బిడ్డా. ఇది ఇంటికొచ్చిన ఆడబిడ్డ లెక్క. ఇంటికొచ్చినదాన్ని ఎండబెడతమా?"

ఆ మాటతో ఇల్లంతా ఆయన పార్టీలో చేరిపోయింది, చాటుగా. తులసికోటకు పోయగా చెంబులో మిగిలిన నీళ్లు అమ్మ దీనికి పోసేది. పక్కనే ఉన్న మొక్క మొహం చూస్తూ ఊరుకోవడం పాపమట. నాయిన ఎన్జీ కాలేజీ గ్రౌండులో నడిచొచ్చి సీసా అడుగున మిగిలింది ఒంపేవాడు. పనమ్మాయి వరండా తుడుస్తూ ఒక మగ్గు. అందరికన్నా తెలివైనది మా పాప. బడి నుంచి నీళ్ల సీసా ఖాళీగా తేకపోతే "నీళ్లెందుకు తాగలే" అని నానమ్మ గోల. అందుకే గేటు దగ్గరే సీసాను ఆర్కిడ్‌లో వంపేసి, ఖాళీ సీసా ఊపుకుంటూ లోపలికి వచ్చేది. ఒకరు పోసింది ఇంకొకరికి తెలియదు.

కొన్నాళ్లకు ఆకులు వాలాయి. ఈ మొక్కలో ఉన్న మాయ ఇదే. వేళ్లు కుళ్లితే నీళ్లు పీల్చలేదు కాబట్టి, నీళ్లలో నిలబడే దాహంతో వాడిపోతుంది. చూసేవాళ్లకు దాహం ఒక్కటే కనిపిస్తుంది. చెంబు కాస్తా బిందెకు ఎక్కింది.

శ్రావణ శుక్రవారం నాడు అమ్మ పూజలో ఉండగా ఆశా వర్కర్ వచ్చింది. శుక్రవారం డ్రై డే కదా, డెంగీ కోసం ఇల్లిల్లూ తిరిగి నిలవ నీళ్లు చూస్తారు. కూలర్ చూసింది, పాత టైరు చూసింది, కొబ్బరి చిప్పలు బోర్లించింది. పోతూ పోతూ పూలు బాగున్నాయని ఆగి, లోపలి కుండీని పైకెత్తింది. పింగాణీ కుండీలో సగం దాకా నీళ్లు. సన్నటి పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. ఆమె నీడ పడగానే మెలికలు తిరుగుతూ అన్నీ అడుక్కి దిగిపోయాయి. "చదువుకున్నోల్ల ఇల్లే గద మేడం" అంది. వారం పది రోజుల్లో ఇవన్నీ దోమలై లేస్తాయని చెప్పి, ఆ నీళ్లు వాకిట్లో కుమ్మరించి రిజిస్టర్‌లో రాసుకుపోయింది. ఆ మొక్క వచ్చాక దానికి నీళ్లు తీసేసిన మొదటి మనిషి ఆవిడే.

సాయంత్రం పంచాయితీ. అమ్మ కొంచెమే పోసింది. నాయిన కొంచెమే పోశాడు. పనమ్మాయి అయితే అమ్మ పోయడం చూసే పోసింది. పాప ఏడుపు మొదలుపెట్టింది కాబట్టి విచారణ ఆగిపోయింది.

మా ఆవిడ మొక్కను బయటికి లాగింది. చాలా వేళ్లు గోధుమరంగుకు తిరిగి మెత్తబడ్డాయి. పట్టుకుంటే పైతొక్క వేళ్లకు అంటుకొచ్చి లోపల దారం మిగులుతోంది. కుళ్లినవన్నీ కత్తిరించి, కోసిన చోట దాల్చినచెక్క పొడి అద్ది, కొత్త బెరడులో పెట్టింది. "బిర్యానీలకు అడిగితే అయిపోయిందంటది" అని అమ్మ గొణిగింది. రాలిన పూలు మాత్రం ఏరి లక్ష్మీదేవి పటానికి పెట్టింది.

ఇప్పుడు కొత్త రూలు. పింగాణీ కుండీ పెన్నులు పెట్టుకోవడానికి పోయింది. వారానికోసారి బకెట్‌లో పది నిమిషాలు నానబెట్టి, పూర్తిగా ఓడ్చి పెడుతుంది. మా బోరు నీళ్లు గిన్నెల మీదే తెల్ల పొర కడతాయి, ఆ ఉప్పు వేళ్లకు పడదని డాబా మీద బకెట్ పెట్టి వాన నీళ్లు పట్టింది. మరుసటి శుక్రవారం ఆశా వర్కర్ డాబా ఎక్కి ఆ బకెట్ కూడా పారబోసింది. మా ఆవిడ నోట మాట లేదు.

దిగి వస్తూ ఆమె ఆర్కిడ్ దగ్గర ఆగింది. "మేడం, ఒక కొమ్మ ఇయ్యరాదు? మా ఇంట్ల పెట్టుకుంట."

కొమ్మ విరిచి నాటితే ఇది రాదని, ఎప్పుడైనా పూకాడ మీద పిల్ల మొక్క వేస్తే అదృష్టమని, నర్సరీల్లో అమ్మేవి ల్యాబుల్లో టిష్యూ కల్చర్ పద్ధతిలో పెంచుతారని మా ఆవిడ ఓపికగా చెప్పింది. ఆమె అంతా విన్నది. గేటు వేస్తూ పక్కింటి ఆవిడతో అంటుంటే మాకు వినబడింది.

"ఇయ్యబుద్ధి కాకుంటే కాదనొచ్చు గద వదినా. ల్యాబు అంటది."