ఆకాశం నుంచి వచ్చినవాడు ఉద్దానంలో దిగితే

మనిషి రూపంలో భూమి మీద దిగిన గ్రహాంతరవాసి మెల్లమెల్లగా మనిషైపోయే కథలు ఇంగ్లీషులో చాలానే వచ్చాయి. వాటిలో మాట్ హేగ్ 2013లో ప్రచురించిన ‘ద హ్యూమన్స్’ నాకు ఎంతో ఇష్టమైన నవల. ఆ ఇష్టం వల్లే దానితో నాకొక పేచీ ఉంది. శ్రీకాకుళం జిల్లాలో కూర్చుని చదివితే ఆ పేచీ ఇంకా ముదురుతుంది.

కేంబ్రిడ్జిలో ఆండ్రూ మార్టిన్ అనే గణితాచార్యుడు ప్రధాన సంఖ్యల అమరికకు సంబంధించిన రీమాన్ పరికల్పనను నిరూపిస్తాడు. 1859 నుంచి ఎవరికీ లొంగని ఆ చిక్కుముడి మనుషుల చేతిలో విడిపోతే ప్రమాదమని ఎక్కడో దూరపు గ్రహం వాళ్ళు తీర్మానించుకుంటారు. ఆచార్యుడిని చంపి, అతని రూపంలో తమవాణ్ణి పంపుతారు. నిరూపణ ఆనవాళ్ళు చెరిపేయాలి, దాని సంగతి తెలిసినవాళ్ళను మట్టుపెట్టాలి. వాళ్ళలో భార్య, కొడుకు ఉన్నా సరే. వచ్చినవాడికి మొదట మనిషి ముఖమే వికారంగా కనిపిస్తుంది. తర్వాత ఆ ఇంటి కుక్క దగ్గరవుతుంది, కవిత్వం దగ్గరవుతుంది, భార్య ఇసొబెల్, కొడుకు గలివర్ దగ్గరవుతారు. చివరికి తన శక్తులన్నీ వెనక్కి తీసుకోమని తనవాళ్ళనే కోరి, చావు ఉన్న మనిషిగా మిగిలిపోతాడు.

ఆ శక్తులు ఉండేది అతని ఎడమ చేతిలో. కీళ్ళనొప్పులతో కుంటే కుక్కకు ఆ చేత్తోనే నయం చేస్తాడు. ఇంటి కప్పు మీద నుంచి దూకిన గలివర్‌ను ఆ చేత్తోనే బతికిస్తాడు. ఆ తర్వాతే దాన్ని వదులుకుంటాడు. అక్కడ నా కళ్ళు చెమర్చాయి. ముసలితనమూ జబ్బూ చావూ లేని చోటు నుంచి వచ్చినవాడు అవన్నీ కావాలని కోరుకోవడం చిన్న సంగతి కాదు. అయితే పుస్తకం మూసిన తర్వాత ఒక ప్రశ్న వదలదు. అంత మహిమ గల చేయి ఆ ఒక్క ఇంటి గడప దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

ఆకాశం నుంచి వచ్చినదాన్ని ఆత్మీయంగా చూడటం మన ప్రాంతానికి కొత్త కాదు. 1910లో హేలీ తోకచుక్క కనబడినప్పుడు కీడు మూడుతుందని జనం భయపడుతుంటే, అది భూమికి దూరపు చుట్టమని, దారిన పోతూ చూడవచ్చిందని ‘ముత్యాల సరములు’లో రాశారు విజయనగరం గురజాడ అప్పారావు. ఆయనదే ‘లవణరాజు కల’ ఈ నవల పక్కన పెట్టి చదవదగిన కావ్యం. ఐంద్రజాలికుడి మాయలో పడి రాజు మరో బతుకులోకి వెళ్ళిపోతాడు. ఊరు వెలిగా ఉంచిన మనుషుల మధ్య వాళ్ళలో ఒకడై బతుకుతాడు. మూలకథ యోగవాసిష్ఠంలోది. అక్కడ ఆ కల లోకమే మిథ్య అని చెప్పడానికి పనికొచ్చింది. గురజాడ అదే కలతో వర్ణధర్మాన్ని నిలదీశారు, మనుషుల్లో ఉన్నవి మంచి, చెడు అనే రెండు కులాలేనని రాజు చేతనే అనిపించారు. రాజును ఆ వాడలో కాక మరో అంతఃపురంలో దించి ఉంటే ఆ మాట అతని నోట వచ్చేదే కాదు. ఇలాంటి కథల్లో వచ్చినవాడు ఏం నేర్చుకుంటాడన్నది ఎక్కడ దిగాడన్న దాన్ని బట్టే ఉంటుంది. కేంబ్రిడ్జి ఆచార్యుడి ఇంట్లో దిగినవాడికి మనిషితనం అంటే ఒక కుటుంబం మీద ప్రేమగా అర్థం కావడంలో వింత లేదు.

కల్పన సంగతి అలా ఉంచితే, గురజాడతో కలిసి విజయనగరంలో చదువుకున్న గిడుగు రామమూర్తి జీవితం నాకు ఈ నవల కంటే గొప్ప కథ. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగుకు అక్కడికి వచ్చే సవరలనే గిరిజనుల మాట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పక్క కొండల్లోనే ఉన్నా సవరలకు ఆయన పరాయి లోకపు మనిషే. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లోనే ఉంచుకుని మాట మాట పోగుచేసుకున్నారు. కొండలెక్కి వాళ్ళ గూడేలకు వెళ్ళారు. అక్కడ మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. ఒక భాషను చెవులారా విని నేర్చుకోవడానికి వెళ్ళిన మనిషి ఆ చెవులనే పోగొట్టుకున్నారు. అయినా పని ఆపలేదు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టారు. నవలలోని అతిథి పోగొట్టుకున్నదానికి బదులుగా ఒక ఇల్లు దక్కింది. గిడుగు పోగొట్టుకున్న దాని నుంచి ఒక జాతికి అక్షరం దక్కింది. ఈ రెండింటినీ ఒకే తూకం వేయలేను.

ఇప్పుడు ఆ ఎడమ చేతి దగ్గరికి వస్తాను. మా జిల్లాలో ఉద్దానం అని పిలిచే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎంతోమందిని పట్టి పీడిస్తోంది. అక్కడ ఎడమ చేతికి ఇంకో అర్థం ఉంది. మూత్రపిండాలు పాడైనవారికి డయాలసిస్ కోసం సాధారణంగా ఆ ముంజేతిలోనే ధమనిని సిరకు కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. కొన్ని వారాలకు ఆ సిర ఉబ్బి చర్మం కింద తాడులా లావెక్కుతుంది. వేలు ఆనిస్తే లోపల రక్తం ఉరకడం జివ్వుమని తెలుస్తుంది. ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు, ఆ చేతికి రక్తపోటు పరీక్ష కూడా చేయకూడదు. కొబ్బరిచెట్టు ఎక్కి బతికే మనిషికి ఆ చేయి పోతే ఏం మిగులుతుంది? వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు యంత్రం పక్కన మంచం మీద గడపాలి. ఇంకొకరు తోడు రావాలి, అంటే ఇద్దరి కూలి పోతుంది.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. మంచినీటి పథకం వచ్చింది. ఇవి చిన్న మేళ్ళు కావు. కానీ మధుమేహమూ రక్తపోటూ లేనివారికి కూడా ఈ జబ్బు ఎందుకు వస్తోందో ఇంకా తేలలేదు. నీటిలోని సిలికా అన్నారు, భార లోహాలన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో చెమటోడ్చే పనిలో ఒంట్లో నీరు తగ్గడమన్నారు, వంశపారంపర్యమన్నారు. బృందాలు వచ్చాయి, రక్తమూ నీళ్ళూ సీసాల్లో పట్టుకెళ్ళాయి. ఉద్దానం వాళ్ళకు తమను పరిశీలించే అతిథులు కొత్త కాదు.

ఆ నవల నాయకుణ్ణి కవిటిలో దించండి. మొదటి రాత్రి ఒక రోగి చేయి పట్టుకుని నయం చేశాడనుకుందాం. తెల్లారేసరికి ఇంటి ముందు ఊరు ఊరంతా ఉంటుంది. కేంబ్రిడ్జిలో మన కంట తడి పెట్టించిన త్యాగం ఇక్కడ ఘోరమైన ద్రోహమవుతుంది. ఇంకా వరుసలో మనుషులు నిలబడి ఉండగా, నేను మీలాంటి మామూలు మనిషిని కావాలనుకుంటున్నానని ఆ శక్తిని వదిలేస్తే ఎవరు క్షమిస్తారు? మరణాన్ని అందంగా చూడగలగడం మరణం దూరంగా ఉన్నవాళ్ళకు చెల్లుతుంది. ఒకే ఇంట్లో తండ్రి తర్వాత కొడుకు మంచం పట్టిన చోట ఆ తత్వం నిలబడదు. హేగ్ నవలలో నాకు లోటుగా తోచింది ఇదే. అతిథికి ప్రేమించడం నేర్పింది, పొరుగింటి తలుపు తట్టడం నేర్పలేదు.

తెలుగులో ఈ నవల రాయదలచినవారు కథను తలకిందులు చేయాలని నా కోరిక. కేంబ్రిడ్జిలో అతను ఒక నిరూపణను తుడిచేయడానికి వచ్చాడు. ఉద్దానంలో జనం ఎదురుచూస్తున్నదే ఒక నిరూపణ కోసం. విశ్వమంతా గణితంగా చదవగలిగిన బుర్రకు ఆ జబ్బు మూలం పట్టుకోవడం కష్టం కాకపోవచ్చు. మనుషులకు ఏదీ తెలియనివ్వకూడదన్నది అతని పెద్దల ఆజ్ఞ. అతను వాళ్ళను ధిక్కరించవలసింది ఇక్కడ, ఈ ఒక్క జవాబు కోసం.