ఒంటిచేత్తో రంగులద్దిన హావెల్

చిత్రకారుడు జాన్ జేమ్స్ ఆడుబాన్ గీసిన అమెరికా పక్షి పటాల మీద, వాటికి రంగులద్దిన పనివారి పేర్లు కూడా వేయాల్సిందంటూ గిట్టనివారు నానా అభ్యంతరాలు లేవదీస్తుంటారు కనుక, ఆ పటాల అంచున చెక్కిన మాటలనే ప్రమాణంగా తీసుకుని వాటి తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను.

ఎడమవైపు ‘ప్రకృతిని చూసి గీసినది’ అని ఉంటుంది. ఇందులో అబద్ధమేమీ లేదు. ఆయన పక్షిని తుపాకీతో కాల్చి, ఒంట్లోకి తీగలు గుచ్చి, గళ్ల పలక మీద సజీవంగా ఉన్నట్టు నిలబెట్టి గీసేవాడు. ప్రకృతిని అంతసేపు కదలకుండా ఉంచడానికి ఇంతకన్న మర్యాదైన ఉపాయం ఎవరికైనా తోస్తే సెలవివ్వవచ్చు. ప్రతి పక్షీ అసలు పరిమాణంలోనే ఉండాలన్నది ఆయన పంతం. కాగితమా, మూడడుగుల పైచిలుకు. ఫ్లెమింగో అందులో నిలువునా పట్టలేదు కాబట్టి పాపం అదే మెడ వంచుకుంది.

కుడివైపు ‘చెక్కి, అచ్చువేసి, రంగులద్దినది ఆర్. హావెల్’ అని ఉంటుంది. 1827 నుంచి 1838 దాకా వెలువడిన పటాలు 435. తక్కువలో తక్కువ 150 ప్రతులనుకున్నా 65 వేలకు పైగా కాగితాలు. రాగిరేకు మీది గీతలు నల్లసిరాతోనే అచ్చుపడతాయి. ఆపైన నమూనా పటాన్ని ఎదుట పెట్టుకుని, ఈక ఈకకూ నీటిరంగు చేత్తో అద్దాలి. హావెల్ లండన్ కార్ఖానాలో ఈ పనికి యాభైమంది దాకా ఉండేవారంటారు. ఉండవచ్చు. అచ్చులో ఉన్న మాటను కాదనడానికి మనమెవరం?

అసలు రంగులద్దేవారిని లెక్కలోకి తీసుకుంటే ఏమవుతుందో ఎడింబరోలో ముందే తేలింది. మొదటి పది రేకులు చెక్కిన లిజార్స్ దగ్గర 1827లో వాళ్లు కుంచెలు కింద పడేసి సమ్మె కట్టారు. ప్రకృతి ఉంది, చిత్రకారుడున్నాడు, చెక్కిన రేకులున్నాయి. అయినా అమెరికా పక్షులు తెలుపు నలుపుల్లో ఉసూరుమంటూ కూర్చున్నాయి. ఆడుబాన్ పని మూట కట్టుకుని లండన్‌కు, హావెల్ దగ్గరికి మారవలసి వచ్చింది. ఇంత అల్లరి చేసినవారి పేర్లు కూడా వేయాలట! వేద్దామన్నా చోటేదీ? అడవి టర్కీ కోడి నిలువెత్తున పట్టిన కాగితమే అయినా, అంచు మాత్రం మరీ ఇరుకు.